మూడో తరగతి బాబుకు చదవడం రావట్లేదు: నిపుణుల పరీక్షకు పంపాలంటే టీచర్ ఎవరికి చెప్పాలి, ఏం రాసివ్వాలి?

టీచర్ గారూ, మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి చెబుతున్నారు. పక్క తండా నుంచి వచ్చే ఎనిమిదేళ్ల బాబు ఒకడు నోటి లెక్కలు చకచకా చేస్తాడు, కథ చెబితే మళ్లీ పూసగుచ్చినట్టు చెబుతాడు, పుస్తకం తెరిస్తే మాత్రం ఒత్తుల దగ్గర, గుణింతాల దగ్గర ఆగిపోతున్నాడు. ప్రత్యేక విద్య వాళ్లకు చూపిద్దామంటే హెచ్.ఎం. గారు "ఇంకో ఏడాది చూద్దాం" అంటున్నారు. తల్లి "వాళ్ల నాన్నా చిన్నప్పుడు అంతేనట, పెద్దయితే అదే వస్తుంది" అంటోంది. ఎవరికి చెప్పాలి, ఏం రాసివ్వాలి, ఆ తర్వాత ఏం జరుగుతుంది అన్నది మీ సందేహం. వాడి చెల్లెలి గురించి కూడా అడిగారు, అది చివర్లో చెబుతాను.

నేను చాలా ఏళ్లుగా మండల స్థాయిలో సహిత విద్య (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు మామూలు బడిలోనే చదువు చెప్పించడం) పనిలోనే ఉన్నాను. టీచర్లు రాసి పంపే కాగితాలు అందుకునే వైపు కూర్చునేదాన్ని కాబట్టి అటునుంచే చెబుతాను.

ముందు హెచ్.ఎం. గారి మాట. ఆయన ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ ఇంకో ఏడాది ఆగడానికి వీల్లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం (తెలివితేటలు బాగానే ఉన్నా చదవడం, రాయడం, లెక్కలు చేయడం కష్టమవడం) ఒకటి. దాన్ని పిల్లల్లో వీలైనంత త్వరగా గుర్తించి, తగిన బోధన పద్ధతులు చేపట్టాల్సిన బాధ్యత విద్యాసంస్థదేనని ఆ చట్టంలోని 16వ సెక్షన్ చెబుతోంది. 2018 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు (2024 మార్చిలో వీటి స్థానంలో సవరించినవి వచ్చాయి) ఇంకా స్పష్టంగా చెప్పాయి. మూడో తరగతిలో గానీ ఎనిమిదేళ్ల వయసులో గానీ, ఏది ముందైతే అప్పుడు బడిలో టీచర్లే ప్రాథమిక పరిశీలన చేయాలి. ప్రతి బడిలో ప్రధానోపాధ్యాయుడి అధ్యక్షతన ఒక స్క్రీనింగ్ కమిటీ ఉండాలి. టీచర్ అనుమానం చెబితే ఆ కమిటీ టీచర్లతో, తల్లిదండ్రులతో మాట్లాడి బిడ్డను పరీక్షకు పంపాలి. ప్రభుత్వ బడికీ ప్రైవేటు బడికీ ఒకటే నియమం. మీ బాబు మూడో తరగతే, ఎనిమిదేళ్లే. అంటే మీరు తొందరపడటం లేదు, సరిగ్గా చూడాల్సిన సమయంలో చూస్తున్నారు. ఇదే మాట హెచ్.ఎం. గారికి మెల్లగా చెప్పండి. ఇద్దరు టీచర్ల బడి అయితే కమిటీ అంటే మీరిద్దరూ కూర్చుని ఒక పేజీ మినిట్స్ రాసుకోవడమే. దానికి పెద్ద తతంగం అక్కర్లేదు.

ఇక అసలు పని. బిడ్డను పరీక్షకు పంపడమంటే వాడికి ఫలానా లోపం ఉందని తేల్చడం అనుకుంటారు చాలామంది టీచర్లు. అందుకే కొందరు భయపడి రాయరు, కొందరు ధైర్యంగా "మందబుద్ధి" అని రాసేస్తారు. రెండూ బిడ్డకు చేటే. తేల్చడానికి డాక్టరు ఉన్నారు, సైకాలజిస్టు ఉన్నారు. వాళ్ల ముందు బిడ్డ కూర్చునేది గంటో రెండు గంటలో. మీరు ఏడాది పొడుగునా రోజూ చూస్తారు. ఆ చూసింది వాళ్లకు చేరాలంటే మీ కాగితం తప్ప ఇంకో దారి లేదు.

నాకు ఎక్కువగా వచ్చే కాగితం ఇలా ఉంటుంది: "ఈ విద్యార్థి చదువులో బాగా వెనకబడి ఉన్నాడు. శ్రద్ధ లేదు. ఎంత చెప్పినా గుర్తుండదు. తగు చర్య కోసం పంపడమైనది." దీంతో నేను చేయగలిగింది ఏమీ లేదు. ఇది ఏ పిల్లాడి గురించైనా రాయొచ్చు. నాకు పనికొచ్చే కాగితం ఇలా ఉంటుంది:

"ఆగస్టు మూడో వారం. రెండో తరగతి తెలుగు వాచకంలో నాలుగు వాక్యాల పేరా చదవమన్నాను. 'చెట్టు'ను 'చెటు' అని, 'పుస్తకం'ను 'పుసకం' అని, 'వస్తాడు'ను 'వసాడు' అని చదివాడు. ఒత్తు ఉన్న ప్రతిచోటా ఆగాడు. కె, కే తేడా పట్టలేదు. పేరా పూర్తవడానికి నాలుగు నిమిషాలు పట్టింది, తరగతిలో ఎక్కువమందికి నిమిషం పడుతుంది. అదే పేరా నేను చదివి వినిపించి అయిదు ప్రశ్నలు అడిగితే అయిదింటికీ సరిగ్గా చెప్పాడు. డిక్టేషన్‌లో పది మాటల్లో రెండు సరిగ్గా రాశాడు. 38కి 27 కలిపితే ఎంత అంటే నోటితో చెప్పాడు, అదే రాత లెక్కగా ఇస్తే ప్రశ్న చదవలేక వదిలేశాడు.

చేసి చూసింది: ఆరు వారాలు, రోజూ మధ్యాహ్న భోజనం తర్వాత పదిహేను నిమిషాలు విడిగా కూర్చోబెట్టాను. వారానికి అయిదు ఒత్తుల మాటలు, అక్షరం చూపిస్తూ పలికిస్తూ రాయించాను. ద్విత్వాక్షరాలు ఇప్పుడు చాలావరకు గుర్తుపడుతున్నాడు. సంయుక్తాక్షరాలు ఈరోజు వచ్చినవి రెండు రోజుల్లో మళ్లీ పోతున్నాయి. హాజరు బాగుంది, ఈ ఏడాది నాలుగు రోజులే రాలేదు."

చూశారా, ఇందులో ఎక్కడా డిస్లెక్సియా (చదవడంలో వచ్చే అభ్యసన వైకల్యం) అన్న మాట లేదు. అయినా చదివిన వాళ్లకు ఏం వెతకాలో అర్థమైపోతుంది. వింటే అర్థమవుతోంది, చదివితే కావడం లేదు. నేర్పితే కొంత వస్తోంది, కానీ మిగతావాళ్ల కంటే చాలా నెమ్మదిగా, నిలకడ లేకుండా వస్తోంది. బడికి సరిగ్గా వస్తున్నాడు. ఈ మూడు సంగతులు మొదటి పరీక్షలో సగం పని పూర్తిచేసినట్టే. దీనికి బాబు నోట్సు నుంచి రెండు మూడు పేజీల జిరాక్స్ జతచేయండి. ఎర్ర ఇంకుతో దిద్దని పేజీలైతే మంచిది, ఏది వాడి రాతో ఏది మీ రాతో కలిసిపోకుండా ఉంటుంది. ఎఫ్‌ఎల్‌ఎన్ (పునాది చదువు, లెక్కలు) బేస్‌లైన్ పరీక్ష, అంటే ఏడాది మొదట్లో పిల్లల స్థాయి చూసే పరీక్ష, ఎలాగూ చేసి ఉంటారు, ఆ షీటు కూడా పెట్టండి.

ఆరు వారాలు ఎందుకంటే, చాలామంది పిల్లలకు లోపం ఏమీ ఉండదు, ఎవరూ పద్ధతిగా నేర్పి ఉండరు, అంతే. రెండు నెలలు అమ్మానాన్నలతో వలస వెళ్లి వచ్చిన పిల్లాడు గుణింతాలు చెప్పేటప్పుడు బడిలోనే లేడు. వాడికి నేర్పితే నెలలో అందుకుంటాడు. నేర్పినా అందుకోలేని వాడే మా దగ్గరికి రావాలి. ఈ తేడా ఏ డాక్టరూ ఒక్క పూటలో కనిపెట్టలేరు.

తండా పిల్లాడు కదా, భాష వల్లే ఇలా ఉన్నాడేమో అని మీరు అడిగారు. చాలా మంచి ప్రశ్న, దీని మీద కాస్త నిలబడదాం. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, ద్విభాషా పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు. కోయ, సవర పిల్లలదీ ఇదే పరిస్థితి. భాష కొత్తదైతే ఏ పిల్లాడైనా తడబడతాడు, దానికి వైకల్యం అని పేరు పెట్టడం ఘోరం. తేడా తెలుసుకోవడానికి రెండు సంగతులు చూడండి. ఒకటి, అదే తండా నుంచి అదే వయసులో బడిలో చేరిన మిగతా పిల్లలు ఎలా చదువుతున్నారు? వాళ్లు చదువుతుంటే, ఇతనొక్కడే ఆగిపోతే, కారణం భాష ఒక్కటే కాదు. రెండు, నోటిమాట. ఈ బాబు తెలుగు కథ విని తెలుగులోనే తిరిగి చెబుతున్నాడని మీరే రాశారు. భాష వచ్చిన వాడికి అదే భాష కాగితం మీద రావట్లేదంటే చిక్కు అక్షరాల దగ్గరే ఉంది. ఒకవేళ తెలుగులో కూడా మాట్లాడలేకపోతుంటే, తండా నుంచి వచ్చే పెద్ద పిల్లనో అంగన్‌వాడీ ఆయానో కూర్చోబెట్టి లంబాడీలో మాట్లాడించండి. సొంత భాషలో కూడా వయసుకు తగ్గట్టు మాటలు లేకపోతే అప్పుడు అది వేరే విషయం, అదీ రాయండి.

ఇంకో సంగతి. మన తెలుగులో రాసిందే పలుకుతాం, పలికిందే రాస్తాం. అందువల్ల చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలు కూడా కొన్నేళ్లు కష్టపడి తప్పులు తగ్గించుకుంటారు. కానీ వేగం రాదు. అయిదో తరగతికి వచ్చేసరికి తప్పుల్లేకుండా, కూడబలుక్కుంటూ చదువుతుంటారు. "చదువుతున్నాడు కదా" అని వదిలేస్తాం. ఆరులో ఇంగ్లీషు పాఠాలు బరువయ్యేసరికి కుప్పకూలతారు. అందుకే ఎంతసేపు పట్టిందో తప్పకుండా రాయమంటాను.

కాగితం రాసే ముందు చెవులు, కళ్లు. ఇది దాటేసి పంపిన కాగితాలే ఎక్కువ. బాబును బోర్డుకు దూరంగా కూర్చోబెట్టి ఒకసారి, దగ్గరగా కూర్చోబెట్టి ఒకసారి చదివించి చూడండి. వెనక నుంచి మామూలు గొంతుతో పేరు పిలవండి. చెవిలో చీము కారుతోందేమో తల్లిని అడగండి. చెవిపోటుతో జలుబు చేసినప్పుడల్లా వినికిడి తగ్గి, తగ్గాక మళ్లీ వచ్చే పిల్లలుంటారు. వాళ్లను చూసి "వినాలనుకుంటే వింటాడు, లేకపోతే లేదు" అనేస్తాం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద మొబైల్ టీమ్ ఏడాదికి ఒకసారైనా బడికి రావాలి. వాళ్లు వచ్చిన రోజు ఈ బాబును లైన్లో అందరితో కలిపేయకుండా డాక్టరుకు విడిగా చూపించండి, మీరు రాసిన పేజీ చేతికివ్వండి. పిల్లల ఎదుగుదలలో ఆలస్యాలు, అభ్యసన సమస్యలు కూడా వాళ్లు చూడాల్సిన జాబితాలో ఉన్నాయి. అవసరమైతే వాళ్లే జిల్లా కేంద్రంలోని డీఈఐసీకి (పిల్లల సమస్యలను తొలిదశలోనే గుర్తించి చికిత్స చేసే కేంద్రానికి) రాసిస్తారు.

ఆరు వారాలు ఆగకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి, ఇవి గట్టిగా గుర్తుపెట్టుకోండి. వచ్చిన మాటలో, వచ్చిన చదువో, నడకో వెనక్కి పోతుంటే. పాఠం మధ్యలో కొన్ని సెకన్లు శూన్యంగా చూస్తూ ఉండిపోయి, పిలిచినా పలక్కుండా, తర్వాత ఏమీ తెలియనట్టు మళ్లీ మొదలుపెడుతుంటే. అది పరధ్యానం కాకుండా ఒక రకం మూర్ఛ కావచ్చు. అయిదారేళ్ల మగపిల్లాడు తరచూ పడిపోతూ, కింద కూర్చుంటే మోకాళ్ల మీద చేతులు ఆనించుకుని పైకి లేస్తూ, పిక్కలు లావుగా కనిపిస్తుంటే. అది కండరాల క్షీణత లక్షణం కావచ్చు. వీటిలో ఏది కనిపించినా ఆ వారమే పీహెచ్‌సీకి పంపండి, కాగితాలు తర్వాత చూసుకోవచ్చు.

తల్లితో మాట్లాడటం అన్నిటికంటే కష్టమైన భాగం. పేరెంట్స్ మీటింగులో నలుగురి ముందు ఎత్తొద్దు. బడి వదిలాక పిలవండి, బాబు వినేంత దూరంలో లేకుండా చూసుకోండి. మొదట వాడు బాగా చేసేవి చెప్పండి. "అమ్మా, మీవాడు లెక్కలు నోటితో ఎంత బాగా చేస్తాడో. చదవడం దగ్గర మాత్రం వాడు పడుతున్న కష్టానికి తగ్గట్టు రావట్లేదు. ఎందుకో తెలిస్తే నేను నేర్పే పద్ధతి మార్చుకుంటాను. చెవులు, కళ్లు చూపిద్దాం, తర్వాత మండలంలో ఒక టీచరమ్మ ఉంది, ఆవిడ వచ్చి చూస్తుంది." దాదాపు ఈ మాటలే చాలు. "లోపం", "మెంటల్" లాంటి మాటలు నోటి వెంట రానీయకండి. వాళ్ల నాన్న కూడా చిన్నప్పుడు ఇంతేనన్న మాటను కొట్టిపారేయకండి. చదవడంలో ఈ రకం ఇబ్బంది కుటుంబాల్లో నడుస్తుంది. అది మీ కాగితంలో ఒక లైను కావాల్సిన సమాచారం. తండ్రి ఎంతవరకు చదివాడు, ఎందుకు మానేశాడు అని అడిగి చూడండి. చాలాసార్లు తండ్రి అక్కడే మెత్తబడతాడు.

దివ్యాంగుల పెన్షన్ వస్తుందని మాత్రం ఆశ పెట్టొద్దు. కొందరు టీచర్లు తల్లిని ఒప్పించడానికి ఆ మాట అనేస్తారు. రాకపోతే ఆ కుటుంబం ఇంకెప్పుడూ మనల్ని నమ్మదు. తల్లిదండ్రుల్లో ఒకరి సంతకం తీసుకోండి. ఇద్దరూ పనులకు వెళ్లి అవ్వాతాతల దగ్గర పిల్లాడుంటే, తల్లితో ఫోన్లో మాట్లాడి, మాట్లాడిన తేదీ రాసి, అవ్వ సంతకం పెట్టించండి.

ఇప్పుడు కాగితం ఎటు వెళుతుంది? మీ నుంచి హెచ్.ఎం. గారికి, ఆయన సంతకంతో ఎమ్మార్సీకి (మండల వనరుల కేంద్రానికి). అక్కడ మేం ఐఈఆర్పీలం (సహిత విద్య రిసోర్స్ పర్సన్లం) ఉంటాం, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రం చూసుకునేది మేమే. పిల్లల్లో వైకల్యాలను బడిలోనే ముందుగా గుర్తించడానికి ఎన్‌సీఈఆర్‌టీ 2022లో తెచ్చిన ప్రశస్త్ యాప్ మీ బడిలో వాడుతుంటే అందులో మొదటి భాగం క్లాస్ టీచర్ నింపాలి, రెండో భాగం స్పెషల్ ఎడ్యుకేటర్ నింపాలి. యాప్ నింపినా చేతిరాత కాగితం మానొద్దు. టిక్కులు చూస్తే అనుమానం తెలుస్తుంది, బిడ్డ తెలియడు.

కాగితం అందాక ఐఈఆర్పీ బడికి వస్తారు. వచ్చిన రోజు బాబును ఆఫీసు రూములోకి పిలిపించకండి. ముందు తరగతిలోనే వెనక కూర్చుని చూడనివ్వండి. ఆ తర్వాత విడిగా కూర్చోబెట్టి చదివించి, రాయించి, బొమ్మలతో మాట్లాడించి చూస్తారు. రావడానికి ఆలస్యం అవుతుంది, ఇది దాచి లాభం లేదు. చాలా మండలాల్లో ఉండేది ఇద్దరే. ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న పది మంది పిల్లలకు ఒక స్పెషల్ టీచర్ ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. మనం ఇంకా ఆ దరిదాపుల్లో లేము. మూడు వారాలు దాటితే ఫోన్ చేయండి, నెల దాటితే ఎంఈఓ (మండల విద్యాధికారి) గారికి హెచ్.ఎం. సంతకంతో గుర్తుచేస్తూ లెటర్ పెట్టి, ఒక కాపీ జిల్లా సమగ్ర శిక్ష ఆఫీసులో సహిత విద్య కోఆర్డినేటర్‌కు పంపండి. మీ దగ్గర ఒక కాపీ ఉంచుకోండి. పై ఏడాది మీకు బదిలీ అయినా బాబు ఫైలు బడిలో ఉండాలి.

వైకల్య సర్టిఫికెట్ అవసరమైతే అది వేరే దారి. అభ్యసన వైకల్యానికి పిల్లల డాక్టరు, సైకాలజిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ లేదా ఆక్యుపేషనల్ థెరపిస్టు కలిసి చూడాలి. 2018 మార్గదర్శకాల ప్రకారం ముందు చూపు, వినికిడి బాగున్నాయని తేల్చుకుని, తెలివితేటల పరీక్ష చేసి, ఆ తర్వాత నిమ్‌హాన్స్ (బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ) తయారుచేసిన పరీక్షలు పెట్టాలని ఉండేది. 14 ఏళ్లకు, 18 ఏళ్లకు మళ్లీ చూపించుకోవాలని కూడా వాటిలో ఉండేది. సదరం (వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే ప్రభుత్వ ఏర్పాటు) స్లాటు బుక్ చేసే ముందు ఆ రోజు ఈ రకం పరీక్ష చేసేవాళ్లు ఉంటారా అని ఆసుపత్రిలో కనుక్కోండి. ఎముకల డాక్టరు ఒక్కరే ఉన్న రోజు వెళ్లి కూలి పోగొట్టుకుని తిరిగొచ్చిన తల్లులను చూశాను. హైదరాబాద్ వెళ్లగలిగిన వాళ్లు సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధోపర వైకల్యాల కోసం ఉన్న జాతీయ సంస్థకు నేరుగా వెళ్లొచ్చు. ఎన్ఐఎంహెచ్ అని అందరికీ పాత పేరే గుర్తు, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. ఎక్కడికి వెళ్లినా తల్లితో ఒక మాట చెప్పి పంపండి: ఇంగ్లీషు మీడియం బడి అని రాసి ఉన్నా, పరీక్ష బాబుకు బాగా వచ్చిన భాషలో చేయమని అడగాలి.

సర్టిఫికెట్ బడి పరీక్షలు రాసేటప్పుడు పనికొస్తుంది. అదనపు సమయం, స్క్రైబ్ (బిడ్డ చెబితే రాసిపెట్టే మనిషి), రెండో మూడో భాషల నుంచి మినహాయింపు లాంటివి చట్టంలోని 17వ సెక్షన్‌లోనే ఉన్నాయి. పదో తరగతిలో ఫారాలు నింపేటప్పుడు గుర్తొచ్చి పరుగులు పెట్టే బదులు ఇప్పుడే మొదలుపెడితే అప్పటికి ఫైలు సిద్ధంగా ఉంటుంది. మీ తరగతిలో మీరు చేసే సాయానికి మాత్రం ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. రేపే మొదలుపెట్టొచ్చు. సైన్సు, పరిసరాల ప్రశ్నలు నోటితో అడిగి మార్కులు వేయండి. అందరి ముందు నిలబెట్టి చదివించడం మానండి. రాత లెక్క మీరు చదివి వినిపించండి. డిక్టేషన్‌లో అయిదు మాటలు చాలు. భవితకు పంపేస్తే ఇక వాడు మన రోల్లో ఉండడని కొందరు అనుకుంటారు, అది తప్పు. ఇలాంటి బాబు మీ తరగతిలోనే ఉంటాడు, మేమే మీ దగ్గరికి వస్తాం.

మీరు అడగని ఒక విషయం చెప్పనివ్వండి. మా దగ్గరికి వచ్చే కాగితాల్లో అల్లరి చేసే మగపిల్లల పేర్లే ఎక్కువ. మూడో బెంచీలో కూర్చునే ఒక పాప ఉంటుంది. ముత్యాల్లాంటి అక్షరాలు. బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు దించేస్తుంది, నోట్సు ఎప్పుడూ పూర్తి. దించింది చదవమంటే తలొంచుకుంటుంది. పక్కమ్మాయి పెదవులు చూసి అందరితోపాటు గొంతు కలుపుతుంది. ఎవరినీ ఇబ్బంది పెట్టదు కాబట్టి ఏడో తరగతి దాకా ఎవరికీ తెలియదు. ఈ వారం ఒకసారి పుస్తకంలో లేని రెండు వాక్యాలు కాగితం మీద రాసి, అందరినీ ఒక్కొక్కరిగా పిలిచి చదివించండి.

ఇక బాబు చెల్లెలు. ఒకటో తరగతి, అక్షరాలు తారుమారుగా రాస్తోందని అన్నారు. ఆ వయసులో అది చాలామంది పిల్లల్లో మామూలే, దాన్ని బట్టి పరీక్షకు పంపాల్సిన పని లేదు. అన్నకు ఇబ్బంది ఉంది కాబట్టి కాస్త కనిపెట్టి ఉండండి. చెవులు, కళ్లు అన్నతోపాటే చూపించేయండి. మాటలోని శబ్దాలు విడదీయగలుగుతోందా, అంటే "కమల"లో మొదట ఏం వినిపించింది, చివర ఏం వినిపించింది అంటే చెప్పగలుగుతోందా, అంత్యాక్షరి లాంటి ఆటల్లో అందుకుంటోందా అని చూస్తూ ఒక పేజీలో తేదీలతో రాసుకోండి. రెండో తరగతి బేస్‌లైన్ పరీక్ష అయ్యాక ఆ పేజీ తీసి, అప్పటికీ అక్షరాలు నిలవకపోతే అన్న ఫైలుతోపాటు మీ ఐఈఆర్పీకి చూపించండి.